ఇక్కడే తినాలి

ఉడికించిన గుడ్డుని ఆమె మెల్లగా కంచం అంచుకి జరిపి, అటూ ఇటూ చూసి, కొంగులో ముడేసుకుంది. నేను చూశాను. అంగన్‌వాడీ టీచరు కూడా చూసింది.

"ఇంటికి కట్టుకపోవుడు లేదమ్మా. ఇక్కడ్నే తినాలె. అది నీకోసం ఇచ్చింది" అంది టీచరు.

ఆమె నవ్వి ముడి విప్పింది. గుడ్డుని రెండు చేసి సగం నోట్లో వేసుకుంది. మిగిలిన సగం ఏమైందో నేను చూడలేదు. చూడకూడదనే తల తిప్పుకున్నాను.

2024 జనవరి, సంక్రాంతి వెళ్ళిన వారం అది. గండిమైసమ్మ చౌరస్తాకి కాస్త లోపలగా ఒక అద్దె గదిలో నడిచే కేంద్రం. గండి అంటే కట్ట తెగిన చోటు. చెరువుకట్టల్ని కాచే తల్లి మైసమ్మ అని మా వైపు నమ్మకం. ఇప్పుడు ఆ తల్లి చుట్టూ టిప్పర్లు, సిమెంటు మిక్సర్లు తిరుగుతుంటాయి. బౌరంపేట, మల్లంపేట, బహదూర్‌పల్లి, ఎటు చూసినా లేస్తున్న అపార్ట్‌మెంట్లు, విల్లాలు. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఇది దుండిగల్ గండిమైసమ్మ పేరుతో మండలమైంది. ఈ ఇళ్ళన్నీ కట్టే మనుషులు మాత్రం ఆ ఇళ్ళ వెనకాల రేకుల షెడ్లలో ఉంటారు. ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్ళు కొందరు. మా పాలమూరు నుంచి వచ్చినవాళ్ళు కొందరు. ఆమె పాలమూరు మనిషి. షెడ్లలో ఆడవాళ్ళని పేరుతో పిలవడం తక్కువ. ఫలానా పిల్ల తల్లి, ఫలానా వాడి తల్లి అంటారు. నేనూ ఇక్కడ ఆమె పేరు రాయడం లేదు. కారణాలు వేరే అయినా ఫలితం ఒకటే కదా అని రాస్తున్నప్పుడు అనిపిస్తూనే ఉంది.

నేను ఆ దారిలోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను. తెలుగు రచయిత్రుల కథల మీద పరిశోధన చేశాను. నా సిద్ధాంత గ్రంథంలో ఆకలి మీద ఒక అధ్యాయం ఉంది, మాతృత్వం మీద ఒక అధ్యాయం ఉంది. రెండింటి మధ్య నూటపాతిక పేజీల దూరం. అప్పుడు అది సరైన విభజన అనే అనుకున్నాను. మార్గదర్శకులు కూడా అలాగే అనుకున్నారు.

షెడ్ల దగ్గరికి నేను మొదట వెళ్ళింది 2020 లాక్‌డౌన్‌లో. మేడ్చల్ మీదుగా నాగపూర్ వైపు పోయే జాతీయ రహదారి మీద వేలమంది నడిచి వెళ్తున్న రోజులవి. వలస కార్మికులకు తలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మేం నలుగురం ఉపాధ్యాయినులం చందాలేసుకుని పొట్లాలు కట్టాం. మా పొట్లంలో ఉన్నవన్నీ మగవాళ్ళు అడిగినవి అని ఆలస్యంగా తెలుసుకున్నాం. బియ్యం, పప్పు, ఉల్లిగడ్డ. ఆడవాళ్ళు అడిగినవి వేరు. మంచినూనె, కారప్పొడి, పొయ్యిలోకి కట్టెలు, చంటిపిల్లలకి పాలు. బియ్యాన్ని అన్నంగా మార్చేవాళ్ళకే అన్నానికి ఇంకా ఏమేం కావాలో తెలుస్తుంది. లాక్‌డౌన్ అయిపోయాక కూడా నెలకోసారి వెళ్తూనే ఉన్నాం. వెళ్ళగా వెళ్ళగా మా పొట్లాలకంటే పెద్ద హక్కు ఒకటి కాగితం మీద వీళ్ళకి ఉందనీ, అది అర కిలోమీటరు దూరంలో ఆగిపోతోందనీ అర్థమైంది.

ఆ హక్కు చరిత్ర చిన్నది కాదు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 33 బ్లాకుల్లో మొదలైంది. 2001లో పీయూసీఎల్ సుప్రీంకోర్టులో వేసిన ఆహారహక్కు కేసు వల్ల అంగన్‌వాడీ ఆహారం దయ స్థాయి నుంచి హక్కు స్థాయికి వచ్చింది. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం గర్భిణికీ, కాన్పయ్యాక ఆరు నెలల వరకూ బాలింతకీ ఉచిత భోజనం ఇవ్వాలి. మన రాష్ట్రంలో 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి పేరుతో ఒక పూట నిండు భోజనం పెడుతున్నారు. అన్నం, పప్పు, కూర, ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. దీనికి ఉన్న ప్రత్యేకమైన నియమమే టీచరు చెప్పిన మాట. ఇక్కడే తినాలి.

మొదట్లో ఆ నియమం నాకు నచ్చలేదు. పేద స్త్రీ తినడాన్ని ప్రభుత్వం కూర్చుని కాపలా కాయడం ఏమిటి? ఆమె తిండి ఎవరితో పంచుకోవాలో ఆమె నిర్ణయించుకోలేదా? శరీరాల మీద నిఘా గురించి మనం చదువుకున్నదంతా నాకు గుర్తొచ్చింది. చదువుకున్నది గుర్తొచ్చినంత తొందరగా ఎదురుగా ఉన్న మనిషి ముఖం గుర్తుపట్టలేకపోయాను.

అసలు ఆమెని అక్కడిదాకా తీసుకురావడానికే నాకు పదిహేను రోజులు పట్టింది. చంటిపిల్లకి అప్పటికి రెండో నెల నిండింది. భర్త సెంట్రింగ్ పనికి పోతాడు. ఆమె పూట పూటకీ ఇటుక మోసి, నీళ్ళు కొట్టి కూలి తీసుకుంటుంది. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళి రావాలంటే గంటన్నర. మేస్త్రీ ఆ గంటన్నరని గంటన్నరగా లెక్కెయ్యడు, సగం రోజుగా లెక్కేస్తాడు. పక్క షెడ్డులో బలాంగీర్ నుంచి వచ్చిన ఏడో నెల గర్భిణి నాతో వస్తానని రెండుసార్లు అని రెండుసార్లూ మానేసింది. ఆమెకి తెలుగు రాదు, నాకు ఒడియా రాదు. మా ఇద్దరి మధ్యా ఉన్న హిందీ ఆమె భర్త దగ్గర ఉంది. రేషను కార్డు ఊళ్ళో అత్తగారి దగ్గర ఉంది. 2019లో మొదలైన ఒకే దేశం ఒకే రేషన్ పద్ధతిలో ఇక్కడా బియ్యం తీసుకోవచ్చని నేను చెప్తే ఆమె భయపడింది. ఇక్కడ వేలు పెడితే అక్కడ ముసలామె బియ్యం ఆగిపోతుందేమోనని. మీ వాటా వరకే ఇక్కడ తీసుకోవచ్చు అని చెప్పాను. నా మాట మీద ముసలామె తిండిని పందెం కాయడానికి ఆమె ఒప్పుకోలేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ ఒప్పుకోను.

టీచరుని దోషిని చెయ్యడం కూడా నాకు చేతకాదు. పోయిన నెల పేర్ల లెక్కన ఈ నెల గుడ్లు, పాలు వస్తాయి. మధ్యలో వచ్చిన మనిషికి పెట్టాలంటే ఇంకొకరి కంచంలోంచి తియ్యాలి. ఆమె దగ్గర రిజిస్టర్లతో పాటు ఫోనులో 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ ఉంది. అందులో పేరు ఎక్కించాలంటే ఆధార్ కావాలి. ఊళ్ళో నమోదైన పేరు ఇక్కడికి మారాలి. 2021లో పెంచాక టీచరుకి వచ్చే గౌరవ వేతనం 13,650 రూపాయలు. గౌరవం అన్న మాట దాంట్లో ఉంది కానీ ఉద్యోగి అన్న మాట లేదు. 2023 సెప్టెంబరులో రాష్ట్రమంతా అంగన్‌వాడీలు సమ్మె చేసింది ఆ మాట కోసమే. పేరు ఎక్కేలోగా పదిహేను రోజులు ఆ టీచరు ఈమెకి తన బాధ్యత మీద అన్నం పెట్టింది. ఆడవాళ్ళకి తిండి పెట్టే పనిని ఆడవాళ్ళకే, అదీ అరకొర జీతానికి అప్పజెప్పి, అందరూ కలిసి దాన్ని సేవ అంటారు.

నేను చేసిన తప్పు ఇక్కడ మొదలవుతుంది.

"మా పెద్దపిల్ల షెడ్డుకాడ ఉన్నది మేడమ్. నేను గుడ్డు తింటుంటె దాని మొకమే కండ్లల్ల ఆడుతది" అని ఆమె నాతో అంది. ఆ మాట నన్ను కదిలించింది. టీచరుతో మాట్లాడాను. ఎండల్లో పని వదిలి రావడం కష్టమనీ, టిఫిను డబ్బాలో పట్టుకెళ్ళనిమ్మనీ అడిగాను. టీచరు ఒప్పుకోలేదు. నేను రెండోసారి అడిగాను. నా చదువూ, నా ఇంగ్లీషూ, కాలేజీ గుర్తింపు కార్డూ అన్నీ కలిసి అడిగాయి. "మీరు చెప్తున్నరని ఊకుంటున్న మేడమ్" అంది టీచరు చివరికి. ఆ సాయంత్రం నేను చాలా సంతోషంగా ఇంటికి వెళ్ళాను.

మూడు వారాల తర్వాత ఆమె ఇటుకల తట్టతో మెట్లెక్కుతూ కళ్ళు తిరిగి కూలబడింది. దెబ్బలు పెద్దగా తగల్లేదు. నేను వెళ్ళేసరికి షెడ్డులో కూర్చుని పచ్చిపులుసు అన్నం తింటోంది. డబ్బా ఖాళీగా బోర్లించి ఉంది. అందులోని అన్నం, పప్పు భర్తా పెద్దపిల్లా తిన్నారు. గుడ్డు పెద్దపిల్ల తింది. పాలు కాచి పెద్దపిల్లకే ఇచ్చింది. అన్ని రోజులూ అంతే. అడిగితే ఆమెకి నా ప్రశ్నే అర్థం కాలేదు. ఇంట్లోకి వచ్చాక అది ఇంటి తిండి. ఇంటి తిండికి ఒక వరస ఉంది. ఆ వరసలో ఆమె చోటు ఎక్కడో ఆమెకి తెలుసు, మనకీ తెలుసు.

ఇక్కడే తినాలి అన్న నియమం వెనకున్న వివేకం నాకు అప్పుడు తెలిసింది. కుటుంబానికి ఇచ్చింది కుటుంబపు అధికార క్రమంలోనే పంపిణీ అవుతుందన్న స్త్రీవాద పాఠాన్ని ఎవరో ఒక ప్రభుత్వ పథకంలో ఒక్క వాక్యంగా రాసి పెట్టారు. పాఠం చెప్పే నేను దాన్ని కొట్టేయించాను. లాక్‌డౌన్‌లో కేంద్రాలు మూసి సరుకులు ఇంటికి పంపినప్పుడు కూడా ఇదే జరిగి ఉంటుందని అప్పుడు తట్టింది. ఆమె నోటిదాకా వచ్చిన ముద్దని నా సానుభూతి వెనక్కి తీసింది.

చంటిపిల్ల మాత్రం బాగుంది. టీచరు తూకం వేసి చార్టులో చుక్క పెట్టేది. గీత పచ్చరంగులోనే పైకి పోతోంది. టీచరు సంతోషంగా చూపించింది. తల్లి తినకపోయినా పాలు చాలావరకు ఆగవు. శరీరం తనలోంచి తీసి ఇస్తుంది. మహాశ్వేతాదేవి 'స్తనదాయిని' కథలో యశోద ఎంతమంది పిల్లలకి పాలిచ్చి ఎలా పోయిందో నేను తరగతిలో చెప్పాను. కానీ ఇక్కడ చార్టు ముందు నిలబడ్డప్పుడు నాకు కనిపించింది చాలా మామూలు విషయం. పిల్ల ఎంత పెరిగిందో చెప్పే చార్టు ఉంది. ఆ పెరుగుదల ఎవరిలోంచి వస్తోందో చెప్పే చార్టు లేదు. కాన్పయ్యాక ఆమెని ఎవరూ తూచలేదు.

ఆ రాత్రి మా అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. పెద్దపిల్లకి ఎనిమిదేళ్ళనీ, బడికి పోవడం లేదనీ చెప్పాను. అమ్మ కాసేపు ఊరుకుని ఒకే మాట అడిగింది.

"ఆ పిల్ల సంకన ఎవల్ని ఏసుకున్నది?"

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ షెడ్డుకి ఎన్నిసార్లు వెళ్ళినా ఆ పిల్ల ఎప్పుడూ చంటిదాన్ని ఎత్తుకునే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. తల్లి పనిలో ఉన్నప్పుడు చీర తొట్టెల ఊపేది ఆ పిల్లే. ఏడిస్తే పని దగ్గరికి తీసుకెళ్ళి పాలిప్పించి తెచ్చేదీ ఆ పిల్లే. మా అమ్మ ఒక ప్రాజెక్టు మట్టిపని దగ్గర గుడిసెలో పుట్టింది. పాలమూరు నుంచి గుంపు మేస్త్రీ బయానా ఇచ్చి తీసుకుపోయిన జంటల్లో మా అవ్వా తాతా ఉన్నారు. అమ్మకి చదువు రాదు. ఎందుకు రాదని అడిగితే 'మాకు బడి యాడిది' అనేది. బడి లేకపోవడం ఒక్కటే కారణం కాదని, ఇద్దరు తమ్ముళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆమె సంకలో పెరిగారని ఆ రాత్రి ఫోనులో మొదటిసారి చెప్పింది. ముప్పై అయిదేళ్ళ వయసులో, డాక్టరేట్ తీసుకున్నాక, మా అమ్మ నిరక్షరాస్యతకి కారణం నాకు ఆ ప్రశ్న వల్ల తెలిసింది.

అప్పుడు ఆ గుడ్డు కథ మొత్తం ఇంకోలా కనబడింది. ఆ ఎనిమిదేళ్ళ పిల్ల ఏ లెక్కలోనూ లేదు. ఆరేళ్ళు దాటింది కాబట్టి అంగన్‌వాడీలో లేదు. బడికి పోదు కాబట్టి మధ్యాహ్న భోజనం లేదు. పని చేస్తుంది కానీ కూలి లేదు. ఆమె పని వల్లే తల్లి కూలికి పోగలుగుతోంది. తల్లి తన కంచంలోంచి ఆ గుడ్డు తీసి ఇవ్వడం ప్రేమే. లెక్క ప్రకారం చూస్తే ఆ ఇంట్లో ఆ పిల్లకి అందుతున్న ఏకైక వేతనం కూడా అదే. తల్లి చేత ఇక్కడే తినమని పట్టుబట్టడం అంటే ఆ పిల్ల కంచం ఖాళీ చెయ్యడం. పట్టుబట్టకపోవడం అంటే తల్లిని ఖాళీ చెయ్యడం. ఒక గుడ్డు ఇద్దరు ఆడవాళ్ళ మధ్య పడి ఉంది. భర్తకి ఈ చిక్కు ఉన్నట్టే తెలియదు.

ఏనుగంత తండ్రి కన్న ఏకులబుట్టంత తల్లి నయం అని మా వైపు సామెత. చిన్నప్పుడు ఎంతో ఇష్టంగా అనేదాన్ని. ఇప్పుడు ఆ సామెతలో తల్లిని పొగిడినట్టే పొగిడి ఏనుగుని వదిలిపెట్టేశారని అనిపిస్తుంది.

చివరికి చేసింది తిండితో సంబంధం లేని పని. పెద్దపిల్లని దగ్గరి ప్రభుత్వ బడిలో చేర్పించాం. టీసీ లేదనో, వయసు కాగితం లేదనో, సంవత్సరం మధ్యలో వచ్చారనో చేర్చుకోకుండా ఉండటానికి 2009 విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. ఆ మాట ప్రింటు తీసుకుని వెళ్ళాను, చూపించే అవసరం రాలేదు. ప్రధానోపాధ్యాయురాలు పేరు రాసుకుని, "ముందు అన్నం తిననియ్యండి, ఆ తర్వాత అచ్చులు చూస్కుందాం" అంది. ఆ పిల్లకి బడిలో అన్నం దొరికిన రోజు నుంచి తల్లి అంగన్‌వాడీలో కూర్చుని తినడం మొదలుపెట్టింది. డబ్బా మానిపించమని టీచరుని నేనే వెళ్ళి అడిగాను. క్షమించమని కూడా అడిగాను. ఆమె నవ్వేసి, "మీకు పిల్ల మీద పానం గుంజింది, నాకు తల్లి మీద గుంజింది" అంది.

మరి చంటిపిల్ల? తల్లితో పాటు సైటుకి పోయింది. ఇసుక కుప్ప పక్కన, నీడ ఎటు జరిగితే అటు జరిగే తొట్టెలలోకి. యాభైమంది కంటే ఎక్కువ ఆడవాళ్ళు పనిచేసే చోట పిల్లలకి గది ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం అనింది. ఆ సైటులో అప్పుడు ఆడవాళ్ళు పద్దెనిమిదిమంది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక స్మృతి వచ్చినా, అక్కడా యాభై అన్న గీత ఉంది. ఆరేళ్ళలోపు పిల్లలు నలభైమంది ఉన్న బస్తీ అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ ఇవ్వాలని 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు చెప్పింది. షెడ్లలో పిల్లలు ఇరవైమూడుమంది. నలభై అయ్యేదాకా, ఆ తర్వాత మూడు నెలలు గడిచేదాకా శ్లాబు ఆగదు. పని అయిపోతుంది, షెడ్లు లేచిపోతాయి. చట్టం గుంపుని లెక్కపెడుతుంది. ఆకలి ఒక్కొక్కరికీ విడిగా అవుతుంది.

ఏప్రిల్ నెలాఖరులో బడికి వేసవి సెలవులొచ్చాయి. మధ్యాహ్న భోజనం ఆగింది. మే మొదటి వారంలో గుడ్డు మళ్ళీ కొంగులోకి పోయింది. టీచరు చూసింది, నేను చూశాను. ఈసారి ఇద్దరం ఏమీ అనలేదు. మర్నాడు టీచరు పెద్దపిల్లని కూడా వెంట తెమ్మంది. తనకని తెచ్చుకున్న అన్నంలోంచి ఒక ముద్ద పెట్టి, గుడ్డుని దారంతో రెండు చేసి చెరి సగం వేసింది. దానికి ఏ రిజిస్టరులోనూ గడి లేదు.

మే మూడో వారంలో చంటిదానికి ఆరు నెలలు నిండాయి. తల్లి పేరు జాబితాలోంచి పోయింది. పిల్ల పేరు మీద నెలకి రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్టు మొదలైంది. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పొడి. అది ఇంటికి ఇచ్చేది. ఇంటికి వెళ్ళాక ఏమవుతుందో ఇక నేను రాయనక్కర్లేదు. 2025 జూలై నుంచి ఇలా ఇంటికిచ్చే సరుకుకి ముఖం పోల్చి చూడటం తప్పనిసరి చేశారు. సరుకు అందుకునే ముఖం ఎవరిదో గుర్తుపడతారు. అందులో ఏ కొంచెమైనా ఆ ముఖానికి చేరిందా అని అడిగే పద్ధతి ఇంకా రాలేదు. ఆరు నెలల ముందురోజు దాకా ఆమెకి ఆకలి ఉందని చట్టం ఒప్పుకుంది. మర్నాటి నుంచి అదే ఇటుకల తట్ట, అదే చంటిపిల్ల, అవే పాలు. ఆకలి మాత్రం లేదు. గర్భంలోనో ఒడిలోనో ఒక పిల్ల ఉంటేనే ఆమె కడుపుకి చిరునామా ఉంటుంది. పనిచేసే మనిషిగా, నాలుగు నోళ్ళకి వండే మనిషిగా, ఊరికే ఒక మనిషిగా ఆమెకి అన్నం పెట్టే గడి ఎక్కడా లేదు.

పని జరిగే చోటే వంట, పద్దెనిమిదిమంది ఉన్నా పిల్లల గది, సెలవుల్లో కూడా బడి భోజనం, కూలి కొయ్యకుండా తినడానికి గంట సమయం. ఇవి పెద్ద కోరికలు కావు. వీటిని పోషకాహార కోరికలుగా మాత్రమే అడిగినంతకాలం, గుడ్ల సంఖ్య పెంచి జవాబిస్తారు. ఇవి శ్రమకి సంబంధించిన కోరికలని, ఎనిమిదేళ్ళ పిల్ల సంకలో ఉన్న బరువుకి సంబంధించినవని మనం గట్టిగా అనాలి. నా రెండు అధ్యాయాలూ నిజానికి ఒకటే అధ్యాయమని నాకు తెలిసింది ఇక్కడే.

జూన్‌లో బడి తెరిచిన నాలుగో రోజు వెళ్ళేసరికి ఆ షెడ్డు ఖాళీగా ఉంది. శామీర్‌పేట వైపు కొత్త సైటుకి పోయారని ఒకరన్నారు, ఊరికి పోయారని ఇంకొకరన్నారు. బలాంగీర్ ఆమె కూడా లేదు. బడికి పోయి అడిగాను, పెద్దపిల్ల ఒక్కరోజు వచ్చిందట. అంగన్‌వాడీలో టీచరు రిజిస్టరు తీసి చంటిపిల్ల పేరు చూపించింది. చివరి గడిలో 'వలస' అని రాసి ఉంది. ఎటు అని రాయడానికి ఆ గడిలో చోటు లేదు.